జనానా తోటలో నిద్ర

మట్టెవాడ, వరంగల్
జూన్ 12, 1981

సారక్కా,

ముందు నీ ఆరోగ్యం అడగాలి. డోర్నకల్ నీళ్ళు నీకు పడ్డాయా, కొత్త దవాఖానలో నైట్ డ్యూటీలు తగ్గాయా అని అడగాలి. అవన్నీ అడిగినట్టే అనుకో. నాకు కోపం ఆగడం లేదు. ఎవరికో ఒకరికి చెప్పుకోకపోతే ఈ పూట పప్పులో ఉప్పు వేస్తానో సున్నం వేస్తానో నాకే నమ్మకం లేదు.

మన జనానా తోటను అమ్ముతారట! వేలం వేసి, గోడ కూలగొట్టి, రెండంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్ కట్టిస్తారట. మున్సిపాలిటీ వాళ్ళు గేటుకు కాగితం అంటించి పోయారు. వాచ్‌మన్ మొగిలమ్మకు చదువు రాదు కదా, అదేదో సినిమా కాగితం అనుకుని సాయంత్రం దాకా ఎవరికీ చెప్పనేలేదు. చివరికి బట్టల దుకాణం వెంకట్రాజం భార్య కట్టమ్మ చదివి, చదివిన చోటే చతికిలబడింది. "వరంగల్ల దుకాండ్లు తక్కువైనయా, మన నెత్తి మీద గడుతరా" అని ఒకటే శాపనార్థాలు.

దీని మీద మన బజారు మగవాళ్ళకు పౌరుషం పొడుచుకొచ్చింది. తోట పరిరక్షణ సంఘం అని ఒకటి పెట్టారు. సంఘం ఎక్కడ కూర్చుంటుంది? మా అరుగుల మీద. చాయ్ ఎవరు పెడతారు? అడగకు. మా ఆయన, అదే మీ మరిది గారు, సెక్రటరీ. బళ్ళో పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి, ఇప్పుడు నాకు కూడా ఇంట్లో ఉపన్యాసాలు చెబుతున్నారు. వెంకట్రాజం ప్రెసిడెంటు. ఆయన ప్రెసిడెంటు కావడానికే రెండు ఆదివారాలు పట్టింది. ఆ రిటైర్డు తాసీల్దారు రాజేశ్వర్ రావు గారు, తాను ఉండగా బట్టలమ్ముకునేవాడు ప్రెసిడెంటా అని అలిగి వెళ్ళిపోతే, ఇంటికి పోయి బతిమాలి తీసుకొచ్చి గౌరవాధ్యక్షుడు అన్నారు. తోట సంగతి ఎత్తేసరికి పొయ్యి మీద నా రెండో విడత చాయ్ మరిగి మరిగి కషాయమైంది.

సరే, ఎత్తారు. ఎత్తి ఏం మాట్లాడారంటావు? సంఘంలో ఒక్కడంటే ఒక్కడు ఆ గేటు లోపల కాలు పెట్టినవాడు లేడు! సాయంత్రం నాలుగు నుంచి దీపాలు పెట్టేదాకా ఆడవాళ్ళకే అని నిజాం కాలం నాటి కట్టడి. మిగతా పొద్దంతా పోవచ్చు. కానీ ఆడోళ్ళ తోటలో మనకేం పని అని సిగ్గుపడి మగవాళ్ళెవరూ అటు తిరిగి చూడరు. వెంకట్రాజం అంటాడు కదా, "అండ్ల గులాబీలు మస్తుగుంటయట" అని. గులాబీలట! నాలుగు వేపచెట్లు, సీతాఫలం పొదలు, ఎన్నడో ఎండిపోయిన ఫౌంటెను, కింద గడ్డి. నా చేతిలో ట్రే ఉంది కాబట్టి ఊరుకున్నాను.

అసలు మాట ఇప్పుడు చెబుతాను విను. తోటకు ఎవరెవరు పోతారో రాయాలి కదా అని ఎవరో అడిగారు. మీ మరిది కాలు మీద కాలేసుకుని, "పోయెటోళ్ళు ఎవలో పోతరు. మా ఇంట్ల ఆడోళ్ళయితె గుడికి తప్ప గడప దాటరు" అన్నారు. వెంకట్రాజం కూడా, "మా కట్టమ్మ గూడ అంతే. పొద్దుమీకితె గుడి, లేకుంటె ఇల్లు" అన్నాడు. మొన్న సాయంత్రమే తోటలో ఆ కట్టమ్మ నా పక్కన కూర్చుని, బీపీ అని ఇంట్లో ఉప్పూ కారం బంద్ చేసిన మనిషి, మిరపకాయ బజ్జీలు కళ్ళు మూసుకుని తింటూ ఉంది. నేను పరదా వెనక నిలబడి పెదవి కొరుక్కున్నాను. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకు అర్థం కాలేదు.

తప్పు మనది కూడా ఉందిలే. ఒక్కతెనన్నా ఇంట్లో నిజం చెప్పి వచ్చేదా? అందరిదీ గుడి మాటే. నీకు బొట్టు బెడద లేదు, నువ్వు ప్రార్థనకు పోయానంటే సరిపోయేది. మాకోసం మొగిలమ్మ గేటు దగ్గర కుంకుమ భరిణె పెట్టుకుని, దీపాలు పెట్టే వేళ ఒక్కొక్కరికి నుదుట దిద్ది పంపేది. ఇప్పటికీ పంపుతున్నది. అమ్మవారి గుడిలో కూడా అన్ని బొట్లు పెట్టరేమో.

సంఘం వాళ్ళు పెద్ద అర్జీ పెట్టారు. ఆఫీసరు వచ్చి తోటను చూసి పోతాడట. చూస్తే వాడికే తెలుస్తుంది అని ధైర్యంగా ఉన్నాను.

నీ చెల్లె
అనసూయ

———

మట్టెవాడ
జూలై 4, 1981

సారక్కా,

నీ ఉత్తరం అందింది. "దేవుడు చూస్తాడు" అని రాశావు. దేవుడి సంగతేమో గానీ ఆఫీసరు చూశాడు. చూసి మన కొంప ముంచాడు. కాదు, వాడిని అనడం ఎందుకు? మనమే ముంచుకున్నాము.

ఎప్పుడొచ్చాడంటావు? మిట్టమధ్యాహ్నం! ఎండకు కాకి కూడా లేదు. లోపల అటొకసారి ఇటొకసారి చూసి, గేటు దగ్గరికి వచ్చి మొగిలమ్మను అడిగాడట, ఇక్కడికి ఎవరొస్తారు అని. దానికి మన మొగిలమ్మ ఏమన్నదో తెలుసా? "ఎవ్వలు రారు సారూ. నేనొక్కదాన్నే. కావాలంటె ఒట్టేత్త" అన్నది. పైగా ఒట్టు!

నేను పోయి అరిచాను. "ఏందే మొగిలమ్మా, గిట్ల జేసినవ్, నీ నోరు పడిపోను!" అన్నాను. అది బిత్తరపోయింది. "మరేమనాలె అనసూయమ్మా? ఇన్నేండ్ల సంది ఏ మొగోడొచ్చి అడిగినా ఇదే జెప్తాన గదా. కట్టమ్మ మొగడొచ్చినా ఇదే, మీ సారు ఒకపాలి ఎతుక్కుంట వచ్చినా ఇదే. మిమ్ముల నేను పట్టిత్తనా?" అన్నది. చేతులు నలుపుకుంటూ ఏడ్చింది. ఇంక ఏమనాలి నేను? అది మనల్ని కాపాడబోయింది. ఆ ఆఫీసరు మన మొగుళ్ళలో ఒకడు కాడని దానికి ఎవరు చెప్పారు? ఎవరూ వాడుకోవడం లేదు, స్థలం ఉత్తగా పడి ఉంది అని వాడు రాసుకుని పోయాడు.

మరునాడు సాయంత్రం అందరం వేపచెట్టు కింద కూర్చున్నాము. ఎవరైనా ఒకరు పోయి చెప్పాలి కదా. చెప్పాలి, చెప్పాలి అని అందరూ అన్నారు. ఎవరు? అంటే గడ్డి పీకుతూ కూర్చున్నారు. కట్టమ్మ నన్ను పొమ్మంది. "మీ సారు సదువుకున్నోడు, అర్థం జేసుకుంటడు. మా ఆయన నన్ను పుట్టింటికి తోలుతడు" అన్నది. చదువుకున్న మొగుడి సంగతి కట్టమ్మకేం తెలుసు? నేను శారదను పొమ్మన్నాను, శారద ఇంకొకరిని పొమ్మంది. పొమ్మని పొమ్మని చీకటి పడింది. మొగిలమ్మ బొట్లు పెట్టింది, ఇళ్ళకు పోయాము. మగవాళ్ళ సంఘాన్ని చూసి నేను నవ్వాను గానీ, మనది అంతకన్నా అధ్వానం.

ఇంతలో సంఘం వాళ్ళు మున్సిపాలిటీకి పోయి గట్టిగా కొట్లాడారట. ఆఫీసరు విసిగి, "ఒక్క మనిషిని చూపెట్టుండ్రి, రోజూ వస్తాన అనేటోళ్ళను. నేను రాసుకుంట" అన్నాడట. వీళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకుని ఇంటికొచ్చారు. రాత్రి అన్నం తింటూ మీ మరిది నన్ను అడిగారు. ఎవరిని? నన్ను! "ఒక్క ఆడమనిషి దొరికితె చాలు అనసూయా. నీకు ఎరుకైనోళ్ళు ఎవలన్న ఉన్నరా? బీడీలు చేసెటోళ్ళో, కూలికి పోయెటోళ్ళో?" అని. గరిటె నా చేతిలో ఉంది. ఎదురుగా కూర్చున్నది నేను. ఇరవై రెండేళ్ళుగా వడ్డిస్తున్నదాన్ని. ఎవరూ లేరు అన్నాను.

అక్కా, నీకు ఒక మాట ఎన్నడూ చెప్పలేదు. నేను ఆ తోటకు కబుర్లకోసం వస్తున్నానని నువ్వు అనుకునేదానివి. అప్పుడప్పుడు ఏడవడానికి అనుకునేదానివి. కాదు. నిద్రకు. ఆపరేషన్ అయినప్పుడు నువ్వే కదా నర్సువి. నీళ్ళ బిందె ఎత్తొద్దు, పగలు పడుకో అని ఎన్ని సార్లు చెప్పావో! మూడో నాడే బావి దగ్గర నిలబడ్డాను, కుట్టు విడిపోయింది, నువ్వు మా అత్తను నోటికొచ్చినట్టు తిట్టి పోయావు. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఒళ్ళు తూలి, వంటింటి గుమ్మంలోనే చాప వేసుకుని పడుకున్నాను. అత్తయ్య వాకిట్లో చుట్టాలతో, "మా కోడలు జూడుండ్రి, పట్టపగలు పీనుగ లెక్క పండుకుంటది" అన్నది. అది ఆమె నోటి తీరు, పోనీ అనుకున్నాను. కానీ మీ మరిది అక్కడే ఉన్నారు. ఆయన నవ్వారు. చెడ్డ నవ్వు కూడా కాదు, ఊరికే, చుట్టాలతో పాటు నవ్వారు. నాకు వినపడింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పగలు నేను నడుము వాల్చలేదు. రాత్రి వాల్చినా ఒక చెవి మేలుకునే ఉంటుంది. ఎవరో నీళ్ళడుగుతారు, ఎవరో దగ్గుతారు.

ఆ తోటలో వెల్లకిలా పడుకుంటాను. ఆడమనిషి వెల్లకిలా పడుకుని ఆకాశం చూసే జాగా వరంగల్ మొత్తంలో నాకు అదొక్కటే దొరికింది. ఒక గంట నేను ఎవరికీ ఏమీ కాను. అది పోతే నేనేమైపోతానో నాకు తెలియదు, రాస్తుంటేనే భయమేస్తున్నది.

అయినా చెప్పను. నిర్ణయించుకున్నాను. గడప దాటరని పది మందిలో అన్న మనిషి పరువు తీసి నేను ఎట్లా బతకాలి ఆ ఇంట్లో? పోతే పోనీ తోట. ఆఫీసరు చివరిసారిగా వచ్చే వారం సాయంత్రం వస్తాడట, సంఘం వాళ్ళతో కలిసి. ఆ పూట నేను నిజంగానే గుడికి పోతాను. నన్ను తిట్టకు.

అనసూయ

———

మట్టెవాడ
ఆగస్టు 9, 1981

సారక్కా,

నేను గుడికి పోలేదు.

పోదామనే బయలుదేరాను. చేతిలో కొబ్బరికాయ కూడా ఉంది. మలుపు దగ్గరికి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే తోట వైపు తిరిగాయి. చివరి పూట కదా, ఒక్కసారి పడుకుని వద్దాము, వాళ్ళు వచ్చే లోపల లేచి పోదాము అనుకున్నాను. పడుకున్నాను. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. గేటు దగ్గర కయ్యానికి మెలకువ వచ్చింది.

బయట ఆఫీసరు, మీ మరిది, వెంకట్రాజం, మన తాసీల్దారు గారు. లోపల మొగిలమ్మ గేటుకు అడ్డం. "ఆడోళ్ళ యాళ్ళ సారూ, మొగోళ్ళు రావద్దు" అంటున్నది. "నేను ఆఫీసర్‌నే" అని ఆయన అరుస్తున్నాడు. "ఎవ్వలైతేంది, మొగోడివే గదా" అని ఇది. తోటను కాపాడటానికి వచ్చిన వాళ్ళను తోటలోకి రానివ్వదు! ఇటు లోపల మనవాళ్ళు కొంగులు నెత్తిన కప్పుకుని, దొరికిన పొదల వెనక దూరుతున్నారు. కట్టమ్మ లావు మనిషి కదా, సీతాఫలం పొద వెనక సగమే దాగింది. చూస్తే మళ్ళీ ఖాళీ తోట. మళ్ళీ ఎవరూ లేరు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత సిగ్గు ఎక్కడి నుంచి తెచ్చుకున్నామే మనం అనిపించింది.

"మొగిలమ్మా, గేటు తియ్యి!" అని కేక పెట్టాను. అది నా వైపు చూసింది. "తియ్యే!" అన్నాను. తీసింది.

నేను మళ్ళీ పడుకున్నాను. అవును, లేచి నిలబడి చెప్పవచ్చు కదా అంటావు. నిలబడితే నేను మళ్ళీ కిషన్ రావు సారు భార్యను అయిపోతాను, నెత్తిన కొంగు వచ్చేస్తుంది, నోరు పడిపోతుంది. నాకు నా సంగతి తెలుసు. అందుకే వెల్లకిలా, కాళ్ళు చాపుకుని, ఆకాశం చూస్తూ అట్లాగే ఉన్నాను. చెప్పుల చప్పుళ్ళు దగ్గరికి వచ్చి ఆగాయి.

"ఈమె ఎవరు? ఒంట్ల బాగలేదా?" అని ఆఫీసరు అడిగాడు.

వెంకట్రాజం వేపచెట్టు కొమ్మలు లెక్కపెడుతున్నట్టు పైకి చూస్తున్నాడు. మీ మరిది ముఖం నాకు తలకిందులుగా కనపడుతున్నది. చెమట పట్టింది. ఎవరో తెలియదు అంటారేమో అనుకున్నాను అక్కా, నిజంగా. అంటే ఏం చేయాలో కూడా ఆలోచించాను. డోర్నకల్ బండి ఎన్ని గంటలకో ఆలోచించాను.

"మా ఇంటామె సార్" అన్నారు. కొంచెం ఆగి, "ఒంట్ల మంచిగనే ఉన్నది. పండుకున్నది" అన్నారు.

"రోజూ వస్తదా?" అని ఆఫీసరు. మీ మరిదికేం తెలుసు, పాపం? నా వైపు చూశారు. నేను పడుకునే చెప్పాను, "రోజూ వస్త సార్. రాసుకోండ్రి" అని. అంతే, పొద వెనక నుంచి కట్టమ్మ బజ్జీ పొట్లంతో సహా బయటికి వచ్చింది. "నన్ను గూడ రాయుండ్రి. కట్టమ్మ, వెంకట్రాజం పెండ్లాం. రోజూ" అన్నది. వెంకట్రాజం ఆ పొట్లం చూసి, "నీ బీపీ!" అని మాత్రం అనగలిగాడు. ఆ తర్వాత శారద, ఆ తర్వాత పొదలన్నీ కదిలాయి. ఆఫీసరు రాసుకోలేక చేయి విదిలించుకున్నాడు.

వేలం ఆగిపోయింది. ప్రస్తుతానికి అని రాశారు గానీ, ఆగింది.

ఇంతటితో కథ అయిపోయిందని సంతోషించకు. అసలు విసుగు ఇప్పుడే మొదలు. సంఘం వాళ్ళు మా అరుగు మీద విజయోత్సవం చేసుకున్నారు. పూలదండలు, ఫోటో. మధ్యలో వెంకట్రాజం, అటు మీ మరిది, ఇటు తాసీల్దారు గారు. ఆఫీసరును ఎట్లా దారికి తెచ్చారో ఒకరికొకరు చెప్పుకున్నారు. ఫోటోలో ఆడదాని కొంగు కూడా లేదు. చాయ్ నేనే పెట్టాను. ఇంకెవరు పెడతారు?

మా అత్తయ్య మూడు పూటలు నాతో మాట్లాడలేదు, గోడతో మాట్లాడింది. "పది మంది మొగోళ్ళ ముంగట పండుకున్నదట" అని గోడకు చెప్పింది. మీ మరిది కూడా ముభావంగానే ఉన్నారు. మూడో నాటి రాత్రి అందరూ పడుకున్నాక మెల్లగా అడిగారు.

"రోజూ నిద్రనే పోతవా ఆడ?"

"పోత."

"ఇంట్ల నిద్ర రాదా?"

"రాదు."

"ఎందుకు?"

"మీరందరు ఉంటరు గదా" అన్నాను. నవ్వుతారేమో అని చూశాను. నవ్వలేదు. చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకున్నారు. నాకు పాత సంగతి చెప్పాలని నోటి దాకా వచ్చింది, ఆగాను. ఆయనకు గుర్తుండదు. గుర్తు లేదంటే నేను తట్టుకోలేను.

సరే, అర్థమైంది కదా మనిషికి, ఇంక హాయిగా ఉంటాను అనుకున్నాను. అక్కా, తోట దక్కింది, నా నిద్ర పోయింది! ఇంతకుముందు నేనెక్కడున్నానో ఎవరికీ తెలియదు కాబట్టి ఎవరూ పిలిచేవారు కాదు. ఇప్పుడు ఊరందరికీ తెలుసు. నడుము వాల్చానో లేదో, గోడ అవతలి నుంచి కేకలు. "శారదా, తాళపుచెవి ఏడ వెట్టినవ్?" "కట్టమ్మా, గోలీ ఏసుకున్నవా?" మగవాళ్ళు లోపలికి రాకూడదు కాబట్టి గోడ పొడుగునా నిలబడి ఒకటే అరుపులు. మొదటి వారం నేనూ లేచి పోయాను. పిలుస్తున్నారు కదా అని. అత్తయ్య మందు కోసం ఒకసారి, మీ మరిది ఎర్ర ఇంకు సీసా కోసం ఒకసారి. ఇంకు సీసా ఆయన బల్ల మీదే ఉంది.

నిన్న సాయంత్రం మళ్ళీ వచ్చారు. స్వయంగా. గోడ అవతల నిలబడి, "అనసూయా! సంఘమోళ్ళొచ్చిండ్రు, చాయ్ పెట్టాలె!" అన్నారు. తోటలో అందరూ నా వైపు చూశారు. కట్టమ్మ నమలడం ఆపింది. నాకు ఎప్పటిలాగే మోకాళ్ళు ముడుచుకున్నాయి, లేవడానికి చేయి నేల మీద ఆనింది కూడా.

"అనసూయా! వినబడ్డదా?"

"వినబడ్డది" అన్నాను.

మళ్ళీ కాళ్ళు చాపుకున్నాను. ఆయన అక్కడే నిలబడ్డారో, ఇంటికి పోయి తానే చాయ్ పెట్టుకున్నారో, ఎప్పుడు పోయారో నాకు తెలియదు. నిద్ర పట్టేసింది.

నీ చెల్లె
అనసూయ